పన్నెండో పిన్నీసు

మా జీపు పైకప్పుకి పిన్నీసులు గుచ్చింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది రాయడం కొంచెం తేలిక.

అప్పటికి మా వాడికి ఆరో నెల. మా వారికి కైకలూరు దగ్గర కౌలుకి తీసుకున్న చేపల చెరువులుండేవి. వాన పడితే ఆ గట్ల మీద కారు నడవదని, ఎవరో వాడి వదిలేసిన పాత జీపు కొన్నారు. ఇంజను బాగుందని ఆయన మురిసిపోయారు. నేను చూసింది లోపలి కప్పుని. రేకుకి అంటించిన స్పాంజి పుచ్చిపోయి, దాని మీది బూడిదరంగు గుడ్డ ఊడి, వెనక సీటు మీదకి పొట్టలా వేలాడుతుండేది. బండి గుంటలో పడ్డప్పుడల్లా పసుపచ్చటి పొడి రాలేది. పిల్లాడి కనురెప్పల మీద, పెదాల మీద. పటమటలో ఇంటి నుంచి బయల్దేరింది మొదలు చెరువుల దాకా వాడి మొహం మీద కొంగు కప్పడం, ఊపిరాడుతోందో లేదోనని తీయడం, మళ్ళీ కప్పడం, ఇదే నా పని.

"ఈ లైనింగ్ మార్పిద్దామండీ" అంటే "ఈసారి పట్టుబడి అయిపోనీ" అనేవారు. చేపలు పట్టారు, అమ్మారు, కొత్త పిల్లల్ని వదిలారు. గుడ్డ అలాగే వేలాడుతోంది.

ఒకరోజు వన్ టౌన్‌లో పిన్నీసుల గుత్తి కొన్నాను. డజను. వేలాడే గుడ్డని మడతలు పెట్టి, ఇంకా ఊడని చోట దానికే గుచ్చాను. గుత్తి మొత్తం ఖాళీ అయింది. పొడి రాలడం ఆగింది. పైగా మా వాడికి అవి తెగ నచ్చాయి. ఎండ పడి మెరుస్తుంటే నా ఒళ్ళో వెల్లకిలా పడుకుని, నోరు తెరుచుకుని, వాటినే చూస్తూ గుడివాడ దాకా కిక్కురుమనేవాడు కాదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండు నెలలకి ముందు వైపు గుడ్డ కూడా ఊడి, బండి నడుపుతుండగా ఆయన కళ్ళ మీద పడింది. మర్నాడు పొద్దున్నే ఆటోనగర్ వెళ్ళాం.

సీట్లు కుట్టే సాయిబుగారికి మా నాన్న వయసుంటుంది. తలుపు తీసి పైకి చూసి, "జీపుకి చీర కట్టారేంటమ్మా!" అన్నారు.

"మా ఆవిడ చేతిపనండీ" అన్నారు మా వారు.

"కుచ్చిళ్ళు భలే కుదిరాయి. విప్పాలంటే మనసొప్పట్లేదు."

అందరం నవ్వాం. సాయిబుగారు ఒక్కొక్క పిన్నీసూ తీసి డబ్బా మూతలో వేసి, గుడ్డ మొత్తం లాగేశారు. తర్వాత మూత నా చేతికిచ్చి, "మీ సొమ్ము, చూసుకోండి" అన్నారు.

చూసుకున్నాను. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండే.

"ఏమండీ, ఒకటి లేదు."

"ఎక్కడో పడిపోయుంటుంది."

"ఎక్కడో అంటే ఎక్కడ?"

"వన్ టౌన్ డజను కదే! వాడిచ్చిందే పదకొండేమో."

పిల్లాడు నా భుజం మీద గుప్పిట మొత్తం నోట్లో పెట్టుకుని చీకుతున్నాడు. ఆ రోజు పొద్దున ఉగ్గు తినకుండా ఉమ్మేశాడు. ముందురోజు సాయంత్రం ఊరికే ఏడ్చాడు. అప్పటిదాకా అవి రెండూ పళ్ళొచ్చే పిల్లాడి పేచీలు. ఆ క్షణంలో రెండూ కలిసి ఒకే సంగతి అయిపోయాయి. నోరు తెరుచుకుని పడుకునే పిల్లాడు. సరిగ్గా పైన పన్నెండు పిన్నీసులు. గుచ్చింది నేను.

సాయిబుగారు నవ్వడం మానేశారు. కిందపడ్డ మేకులు ఏరడానికి తాడు కట్టుకున్న అయస్కాంతం తెచ్చి జీపు అడుగంతా తిప్పారు. నాలుగు మేకులు, ఒక స్క్రూ, నా జడపిన్ను వచ్చాయి. పిన్నీసు రాలేదు.

"హాస్పిటల్‌కి వెళదాం" అన్నాను.

"ఒక్క పిన్నీసుకి పసివాడికి ఎక్స్‌రేనా? ప్రతిదానికీ ఇంత కంగారైతే ఎలా నీతో?"

నేను అప్పటికే ఆటో ఆపాను. ఆయన తిట్టుకుంటూ ఎక్కారు. బెంజ్ సర్కిల్ దగ్గరి హాస్పిటల్ దాకా పిల్లాణ్ణి నిలువుగా ఎత్తుకునే ఉన్నాను. పడుకోబెడితే లోపల అది కదులుతుందేమోనని. ఎక్స్‌రే గదిలో వాడి మొలతాడు తీయమన్నారు. వెండి పూసలుంటాయి కదా. ముడి నా వేళ్ళకి రాలేదు. మా వారే విప్పారు.

డాక్టరుగారు ఫిల్మును వెలుతురుకేసి పట్టుకుని, "ఏమీ లేదమ్మా" అన్నారు.

"ఒకవేళ సరిగ్గా పడకపోతేనో? ఇంకొకటి తీస్తారా?"

ఆయన మా వారి వైపు తిరిగి, "పిల్లాడు బంగారంలా ఉన్నాడు. ఈవిడకే కాస్త నిద్ర కావాలి" అన్నారు. మా వారు నవ్వారు. ఆ నవ్వు నాకు చాలాకాలం గుచ్చుకుంది. ఫిల్ములో ఏమీ లేదు, సరే. మరి అదెక్కడుంది? వాడికి ఇంకా అందని చోట ఉందా? రేపు అందే చోట ఉందా?

మధ్యాహ్నం దాటాక ఆటోనగర్ వెళ్ళేసరికి జీపు కప్పు బోడి రేకుగా అలాగే ఉంది. సాయిబుగారు పని మొదలే పెట్టలేదు. వెనక సీటు బయటికి లాగి, కుట్లన్నీ విప్పి, కొబ్బరి పీచు కుప్ప మధ్య కూర్చుని ఉన్నారు.

"మేం చెప్పింది సీటు కాదు కదండీ" అన్నారు మా వారు.

"తెలుసు బాబూ. అమ్మ వెళ్ళేటప్పుడు మొహం చూశాక పైపని చేయబుద్ధి కాలేదు. బిడ్డ ఎలా ఉన్నాడమ్మా?"

బాగున్నాడన్నాను. ఆయన తన చొక్కా జేబుకి గుచ్చుకున్న పిన్నీసు తీశారు. మళ్ళీ పోతుందని అక్కడ పెట్టుకున్నారట. సీటు చిరుగులోంచి పీచులోకి జారిపోయిందట.

"నోరు తెరుచుకునే దొరికింది" అన్నారు నెమ్మదిగా.

మా వారు దాన్ని తీసుకుని నొక్కిచూశారు. కొక్కెం వంగిపోయింది, పట్టడం లేదు. నొక్కిన ప్రతిసారీ మొన బయటికే వస్తోంది. రెండుమూడు సార్లు చూసి, జేబులో వేసుకోబోయి, ఆగి, కాగితంలో చుట్టారు.

కొత్త లైనింగ్‌కి ఏ రంగు అని సాయిబుగారు అడిగితే, మాసిపోతుందని ఆయనే వద్దంటున్నా తెలుపే కావాలన్నాను. దాని మీద ఏముందో నాకు కనిపించాలి. నాలుగు రోజుల్లో దుప్పటి పరిచినట్టు నున్నగా బిగించి ఇచ్చారు.

మొదటిసారి బయల్దేరే ముందు మా వారు సీటులో కూర్చుని, తాళం తిప్పకుండా, అంచు పొడుగునా అరచేత్తో తడిమారు. వెనక్కి తిరిగి పిల్లాడి తల పైనా తడిమారు. నేను చూడనట్టు కిటికీలోంచి బయటికి చూశాను.

వాడు మాత్రం వెల్లకిలా పడుకుని మెరుపుల కోసం వెతికాడు. దొరక్క గుడివాడ దాకా రాగం తీస్తూనే ఉన్నాడు.

"అక్కడేం లేదు నాన్నా" అన్నాను. అని, నేనూ ఒకసారి పైకి చూశాను.