గుత్తి కొసన పండు

1998 జనవరి. హఫీజ్‌పేట్, మదీనాగూడ మధ్య అప్పటికింకా ద్రాక్ష పందిళ్లు మిగిలి ఉన్నాయి. వాటికి కత్తిరింపు, మందులు, కోత చూసే సూపర్‌వైజర్‌ని నేను. గుంటూరు నుంచి వచ్చినవాణ్ణి.

బాలమ్మది కౌలు తోట. ఆ భూమి ఆఫీసుల కోసం అమ్ముడుపోయింది, నెలాఖరుకు ఖాళీ చేయాలి. దేవుని దయవల్ల ఆమె తోటలో ఉన్నది ముందుగా పండే రకం, పక్క తోటలకన్నా మూడు వారాలు ముందే కోతకు వస్తుంది. ఆమెకు అదే ఆఖరి పంట.

కోత శుక్రవారం పడింది. మా చర్చి సంఘంలో ఆ రోజు ఉపవాస ప్రార్థన. నేను గుత్తుల పైభాగం నుంచి పండ్లు తెంపి, రసం రిఫ్రాక్టోమీటర్‌లో వేసి చూశాను. తీపి ఎంతుందో చెప్పే చిన్న పరికరమది. బాగానే చూపింది.

“కోసేయొచ్చు అక్కా,” అన్నాను.

సగం గంప నిండేసరికి బాలమ్మ ఒక గుత్తి కొసన పండు నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

“ఏంది సారూ, చింతకాయ లెక్కున్నది. నువ్వు తిన్నవా?”

“ఇవాళ ఉపవాసం అక్కా. మీటర్‌లో చూశాను కదా.”

“నీ దేవుడు ఉపాసముండుమన్నడు గని, నా పంట మీద ఉండుమన్నడా? జర తిని చెప్పు.”

అదే గుత్తి కొసన ఇంకో పండు తెంపి నా చేతిలో పెట్టింది. కూలీలు నవ్వారు. తిన్నాను. పళ్లు జివ్వుమన్నాయి.

ద్రాక్ష గుత్తి పైనుంచి పండుతుంది, కొసకు తీపి చివరగా చేరుతుంది. తెంపాక ఇక పండదు. ఎందరికో నేను చెప్పిన పాఠమే ఇది. ఎప్పుడూ కొస పండు తిని చూసేవాణ్ణి, ఆ రోజు ఉపవాసమని మానేశాను. పుల్లటి సరుకు మార్కెట్‌కు పోతే ఆమె పంట అక్కడితో అయిపోయేది.

“ఇగ ఏం జేద్దాం?”

“నీళ్లు ఆపి వారం చూద్దాం.”

“నెల ఒడుస్తది సారూ.”

“ఈలోపే పండుతుంది.”

గట్టిగానే అన్నాను కానీ లోపల భయమే. కూలీలు వెళ్లిపోయారు. సగం గంప పచ్చడికి పోయింది. ఉపవాసం విడిచిన సంగతి సంఘంలో ఒప్పుకున్నాను. పాస్టరు గారు ఆదివారం ఆ తోట కోసం అందరిచేతా ప్రార్థన చేయించారు.

రోజూ పొద్దున్నే వరుసకొక గుత్తి కొస తిని చూశాను. తొమ్మిదో రోజు బాలమ్మే ముందు తిని, కత్తెర తీసుకుంది. గడువుకు రెండు రోజుల ముందే ఆఖరి గంప లారీ ఎక్కింది.

నా భక్తికి మరొకరు నష్టపోకూడదని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆమె ఆ పండు నా చేతిలో పెట్టినందుకు దేవునికి ఇప్పటికీ స్తోత్రం చెప్తాను.