అమ్మకూ నాకూ ఒకేసారి నెలలు నిండాయి

మొదటి కాన్పు కోసం యాకుత్‌పురాలోని పుట్టింటికి చేరేనాటికి నాకు పద్దెనిమిదేళ్ళు, ఏడో నెల. జట్కా దిగి గుమ్మంలో అడుగు పెడితే అమ్మ ఎదురు రాలేదు. వంటింటి తలుపు చాటున నిలబడి, కొంగు నిండుగా కప్పుకుని, "రా బిడ్డా, కాళ్ళు కడుక్కో" అంది, గోడను చూస్తూ. ఏమైందో తెలియక దగ్గరికి వెళ్ళి కావలించుకోబోయాను. అప్పుడు తెలిసింది. అమ్మ కడుపు నా కడుపుకు తగిలింది.

"ఏందమ్మా గిది?"

"నీకేమైందో నాకూ గదే అయింది," అంది అమ్మ. అని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు మొదలుపెట్టింది. నేనూ మొదలుపెట్టాను. రెండు పెద్ద కడుపులతో నవ్వడం చిన్న పని కాదు. ఇద్దరం వంటింట్లో గోడకు చేరగిలబడి కూర్చున్నాక, లేవడానికి నా చెల్లెళ్ళిద్దరూ చెరో చెయ్యి పట్టి లాగాల్సి వచ్చింది.

అమ్మకు అప్పుడు ముప్పయి ఆరేళ్ళు. నా చిన్న చెల్లెలు పుట్టి ఎనిమిదేళ్ళు దాటింది. ఇక పిల్లలు లేరనుకున్నాక ఈ కడుపు. ఊళ్ళో ఎవరేమనుకున్నా ఆమెకు లెక్క లేదు గానీ, అల్లుడికి తెలియకూడదన్నది ఒక్కటే ఆమె ఫికర్. మా ఆయన ఇల్లు హుస్సేనీ ఆలంలో, బట్టల దుకాణం. శుక్రవారం సెలవు కాబట్టి వారం వారం నన్ను చూడ్డానికి వచ్చేవాడు. ఆయన వచ్చాడంటే అమ్మ చేతిలోకి చాట వచ్చేది. చాట అడ్డం పెట్టుకునే నడిచేది, చాట అడ్డం పెట్టుకునే పలకరించేది. మొదటి రెండు వారాలూ ఆయన చాటకే జవాబు చెప్పాడు. మూడో వారం నన్ను మెల్లగా అడిగాడు: "అత్తమ్మకు ఎన్నో నెల?"

మా నాన్నను బాపు అనేవాళ్ళం. ఆయనది చింతపండు టోకు వ్యాపారం. దుకాణంలో పట్టని సరుకంతా మా వాకిట్లో కుప్పపోసి ఉండేది. కడుపుతో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళకు అలాంటి వాకిలి దొరకడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పెంకు తీయడం, గింజ తీయడం మా పని. ఒకటి బుట్టలో వేస్తే ఒకటి నోట్లో వేసుకునేవాళ్ళం. బాపు అంతా చూసేవాడు. గట్టిగా మాట్లాడడం చేతకాని మనిషి. "మస్తు పులుపు తింటున్నరు," అని మాత్రం అనేవాడు, అదీ మాకు కాదు, తూకం రాళ్ళకు చెప్పినట్టు.

నాకు తొమ్మిదో నెల వచ్చిన కొద్ది రోజులకు, ఒక మధ్యాహ్నం కడుపు రాయిలా బిగుసుకుపోయింది. కాసేపటికి వదిలింది. మళ్ళీ బిగుసుకుంది. "అమ్మా, చచ్చిన!" అని అరిచాను. అంతే, ఇంట్లో లొల్లి లేచింది. చిన్న చెల్లెలు దుకాణానికి పరుగెత్తింది. బాపు రుమాలు మెడలో వేలాడుతుండగా జట్కా వెంటబెట్టుకుని వచ్చాడు. యుద్ధం నడుస్తున్న రోజులు, పెట్రోలు కరువు, జట్కాలకు గిరాకీ. ఆ ఒక్కటి ఎలా పట్టుకొచ్చాడో తెలియదు.

నేనూ అమ్మా వెనక ఎక్కి కూర్చున్నాం. కూర్చోగానే జట్కా ముందు భాగం గాల్లోకి లేచింది. గుర్రం మెడ చాచి ఆకాశం వైపు చూసింది.

"సాబ్!" అని జట్కావాలా కేకేశాడు. "మీరు ముంగటికి రాండ్రి! లేకుంటే నా గుర్రం లేస్తది!"

బాపు వచ్చి జట్కావాలా పక్కన ముందుకు వంగి కూర్చుంటే తప్ప బండి చదును కాలేదు. అలాగే వంగి, గుర్రం తోకతో మాట్లాడుతున్నవాడిలా, దారి పొడవునా దేవుళ్ళందరినీ పిలిచాడు. లాడ్ బజార్ మలుపులో పెళ్ళి సామాను కొనే జనంలో జట్కా చిక్కుకుంది. నేను రెండు వైపులా మెరుస్తున్న గాజుల్ని చూస్తూ ఉండిపోయాను. ఎంతసేపు చూశానో. ఉన్నట్టుండి గుర్తొచ్చింది.

"అమ్మా, నొప్పి పోయింది."

"ఎటు పోయింది?" అన్నాడు బాపు కంగారుగా.

అయినా జనానా దవాఖానాకు వెళ్ళాం. డాక్టరమ్మ నా కడుపు మీద చెయ్యి ఉంచి చాలాసేపు నిలబడింది. "ఇంకా టైముంది, ఇంటికి పోండి," అంది. తరవాత అమ్మవైపు తిరిగి, "మీదెప్పుడు?" అని అడిగింది. అమ్మ నేల చూసింది. బాపు కప్పు చూశాడు. తిరుగు దారిలో లాడ్ బజార్‌లో ఆగి ఇద్దరికీ చెరో జత లక్క గాజులు ఇప్పించాడు, ఏదో తప్పు చేసి పట్టుబడ్డవాడిలా.

నాలుగు రోజులకు మళ్ళీ అదే తంతు. ఈసారి అమ్మ జట్కాను పిలవనివ్వలేదు, మా గల్లీ చివర ఉండే మంత్రసానిని పిలిపించింది. ఆమెను అందరం ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్ళం. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్ల దుపట్టాలో ఉండేది. మా గల్లీలో సగం మందిని భూమ్మీదికి తెచ్చింది ఆమె చేతులే, నన్ను కూడా. కోడలిగా వచ్చిన రోజునుంచీ అమ్మను 'దుల్హన్' అనే పిలిచేది, అమ్మ ఆమెకు ఇంకా కొత్త పెళ్ళికూతురే.

ఖాలా వచ్చి, చేతులు సబ్బుతో కడుక్కుని, నన్ను తాకకుండానే అడిగింది. "యాడ మొదలైంది బేటీ? ఎన్కనా, ముంగటనా?"

"ముంగట."

"ఒక చెంబు నీళ్ళు తాగు. తాగి, గా చింతపండు కుప్ప సుట్టూ తిరుగు."

పురిటి నొప్పులు పడుతున్న నన్ను కుప్ప చుట్టూ తిరగమంటుందేమిటని ఏడుపొచ్చింది. అయినా తిరిగాను. ఆరో చుట్టుకు నొప్పి లేదు. ఏడో చుట్టులో వంగి ఒక చింతకాయ నోట్లో వేసుకున్నాను. ఖాలా చప్పట్లు కొట్టింది.

"ఝూటీ! దొంగ నొప్పి!"

"దొంగ నొప్పి గింత నొస్తదా?" అన్నాను కోపంగా.

"నొస్తది. నొయ్యదని ఎవరన్నరు? కానీ పనికిరాదు." నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "చూడు బేటీ, ఇట్లొచ్చినప్పుడల్లా లేచి తిరుగు. తిరిగేటప్పుడొస్తే ఎడమ పక్కకు పండుకో. నీళ్ళు తాగు. పోయిందా, గది దొంగది. అస్లీ నొప్పి నువ్వేం చేసినా పోదు. నడుముల లేచి ముంగటికొస్తది. ఒకదాని ఎన్క ఒకటి దగ్గర దగ్గరొస్తది, జోరైతది. గా నొప్పిల మాట రాదు, నవ్వు రాదు. కానీ నీళ్ళు కారినయా, రక్తం కనిపించిందా, తిరుగుడు లేదు, లెక్క లేదు. ఎంటనే నన్ను పిలువు."

మా ఇంట్లో గోడ గడియారం లేదు. బాపు గడియారం బాపు జేబులో దుకాణంలో ఉండేది. అందుకని ఖాలా నాకో లెక్క నేర్పింది. ఒక నొప్పి వదిలినప్పట్నుంచి ఇంకో నొప్పి వచ్చేదాకా ఎన్ని చింతకాయల పెంకు తీశానో చూసుకోవాలి. ఆ లెక్క పడిపోతూ వస్తే అసలు నొప్పి. ఒకసారి పదిహేను, ఒకసారి అరవై అయితే దొంగది.

ఇక చూడండి మా ఇంటి సంబరం. నాకు కడుపు బిగుసుకున్నప్పుడల్లా పెద్ద చెల్లెలు ఎదురుగా వచ్చి నిలబడేది. జట్కా మీద వంగి కూర్చుని గుర్రం తోకకు దండం పెట్టుకుంటున్న బాపులా మొహం పెట్టేది. నేను పగలబడి నవ్వేదాన్ని. "నవ్వింది! దొంగదే!" అని చిన్న చెల్లెలు గల్లీ దాకా వినబడేలా చాటేది. ఖాలా తన ఇంట్లోంచే "షాబాష్!" అనేది.

తరువాతి శుక్రవారం పొద్దున, మా ఆయన వచ్చాడు. బాపుతో ముందు గదిలో కూర్చుని ఉప్మా తింటున్నాడు. అమ్మా నేనూ వెనక వాకిట్లో చింతకాయలు ఒలుస్తున్నాం. నాకు మళ్ళీ వస్తూ పోతూ ఉన్నాయి. లెక్కపెట్టుకుంటున్నాను. నలభై. పదిహేడు. యాభై మూడు. దొంగవే అని నిమ్మళంగా ఉన్నాను. లెక్క పెట్టీ పెట్టీ విసుగొచ్చి అమ్మ చేతుల వైపు చూశాను.

అమ్మ చెయ్యి ఆగింది. కాసేపు గోడను చూసి, గట్టిగా ఊపిరి వదిలి, మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. ఎందుకో ఆమెవి లెక్కపెట్టాను. ఇరవై రెండు అయ్యాక చెయ్యి ఆగింది. మళ్ళీ పద్దెనిమిదికి. మళ్ళీ పద్నాలుగుకు.

"అమ్మా, నీకు నొప్పులొస్తున్నయ్."

"నొప్పుల్లేవు ఏం లేవు. రాత్రి చిక్కుడుకాయ తిన్న. వాయువు."

"నడుములనా?"

"నా నడుమెప్పుడు నొయ్యలే?"

పదకొండుకు ఆగింది. నేను ఆమె గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. "ఏదీ, నవ్వు."

అమ్మ నవ్వడానికి చూసింది. పెదవులు వచ్చాయి గానీ నవ్వు రాలేదు. నుదుటి మీద చెమట. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ నొప్పి వదిలాక చెవిలో చెప్పింది: "లొల్లి చెయ్యకే. మీ ఆయన పోయేదాంక ఆగుత."

"గిదేమన్న చుట్టాల భోజనమా, ఆగనీకి?" అని లేచి నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను. "ఖాలా! ఖాలా!"

చిన్న చెల్లెలు గల్లీలోకి పరుగెత్తింది. నా అరుపుకు ముందు గదిలో పళ్ళెం కింద పడ్డ చప్పుడు. బాపూ, మా ఆయనా వాకిట్లోకి దూకారు. నిలబడి అరుస్తున్నది నేను. ఇంకేం చూస్తారు? బాపు జట్కా కోసం వీధిలోకి పోయి, శుక్రవారం కాబట్టి వెంటనే దొరికిందో ఏమో, క్షణంలో తిరిగొచ్చాడు. చెరో రెక్క పట్టుకుని ఇద్దరూ నన్ను గుమ్మం వైపు నడిపించారు.

"నేను గాదు! అమ్మకు! అమ్మకు నొప్పులు!"

"అవు బిడ్డా, అవు," అన్నాడు బాపు ఓదారుస్తూ. "నొప్పిల గిట్లనే ఏదో ఒకటి అంటరు. ఫికర్ చెయ్యకు."

మా ఆయన నా చెప్పు ఒకటి తొడిగాడు, రెండోది వెతుకుతున్నాడు. అప్పుడే ఖాలా వచ్చింది. నా మొహం ఒక్కసారి చూసి, నన్ను దాటుకుని, నేరుగా అమ్మ దగ్గరికి పోయి కూర్చుంది.

"అరె, గా పిల్లను వదలండ్రి!" అంది వెనక్కి తిరక్కుండానే. "దుల్హన్‌ది ఇది. జట్కా దాంక కూడ పోదు. నీళ్ళు మరగవెట్టండ్రి, జల్ది!"

బాపు నా రెక్క వదిలి గుమ్మం మీద కూర్చున్నాడు. మా ఆయన చేతిలో నా చెప్పు అలాగే ఉంది. కాసేపటికి దాన్ని కింద పెట్టి, చొక్కా చేతులు మడిచి, బావి దగ్గరికి నడిచాడు. నీళ్ళు తోడింది ఆయన, పొయ్యి ఊదింది ఆయన. మరిగిన గిన్నె తెచ్చి గది తలుపు దగ్గర పెట్టి, మొహం అటు తిప్పుకుని నిలబడిందీ ఆయనే. అమ్మ ఎవరినుంచి దాక్కుందో ఆ మనిషే.

మధ్యాహ్నం నమాజు పిలుపు వినబడేలోపే లోపల పసిబిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. బాపు నవ్వడం మొదలుపెట్టాడు. గట్టిగా మాట్లాడని మా బాపు అంత గట్టిగా నవ్వడం అప్పుడే విన్నాను. బయట జట్కావాలా ఓపిక పట్టలేక తలుపు తట్టాడు. "సాబ్, పోవాల్నా వద్దా?"

అన్నీ సర్దుమణిగాక మా ఆయన తలుపు దగ్గరికి వచ్చి, "అత్తమ్మా, పానం మంచిగున్నదా?" అన్నాడు.

లోపల గాజులు గలగలమన్నాయి, కొంగు సర్దుకున్నట్టు. తరవాత అమ్మ గొంతు, నీరసంగా: "మంచిగున్న కొడుకా. ఉప్మా తింటివా?"

నాకు అసలు నొప్పులు పదకొండు రోజుల తరవాత వచ్చాయి. ఆ రోజు అమ్మ పురిటి స్నానం, ఇంటి నిండా సాంబ్రాణి పొగ. తెల్లవారగానే నడుములో ఏదో మెలితిప్పినట్టయింది. బాపుకు చెబితే, అన్నీ తెలిసినవాడిలా, "పోయి తిరుగు బిడ్డా, నీళ్ళు తాగు," అన్నాడు. తాగాను. తిరిగాను. ఎడమ పక్కకు పడుకున్నాను. పోలేదు. లోపలి గదిలోంచి అమ్మ అరుస్తోంది: "నడుముల్నా, ముంగటనా?" చింతకాయలు ఇరవై, పదహారు, పదమూడు. పెద్ద చెల్లెలు ఎదురుగా వచ్చి బాపు మొహం పెట్టింది. చూస్తున్నాను. ఎంత చూసినా నవ్వు రాలేదు. నవ్వు రానందుకు నాకెంత సంతోషమైందో చెప్పలేను. భయమూ వేసింది, అది వేరే సంగతి.

"అస్లీ!" అంది ఖాలా. "తొలి కాన్పు, టైముంది. దవాఖానకు పోదాం. నేనూ వస్త."

పొద్దు వాలకముందే నాకూ ఆడపిల్ల పుట్టింది. డాక్టరమ్మ బిడ్డను నా పక్కన పడుకోబెట్టి, "మీ అమ్మగారు రాలేదా?" అంది. ఇంట్లో బాలింత అని చెబితే అక్కడి నర్సులంతా వచ్చి మరీ నన్ను చూసి పోయారు.

మూడు నెలలు పుట్టింట్లో ఉన్నాను. ఒకే దూలానికి రెండు ఉయ్యాలలు. ఎవరి బిడ్డ ఏడిస్తే వాళ్ళే ఎత్తుకోవాలన్న నియమం ఒక వారం కూడా సాగలేదు. దగ్గరున్నవాళ్ళు ఎత్తుకుని పాలిచ్చేవాళ్ళం. నేను మా చెల్లెలికి ఇచ్చాను, అమ్మ నా కూతురికి ఇచ్చింది.

ఒక శుక్రవారం మా ఆయన వచ్చి, ఉయ్యాల్లోంచి బిడ్డను ఎత్తుకుని, బుగ్గలు నిమిరి, ముద్దులాడుతూ వాకిలంతా తిరుగుతున్నాడు. అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది, చేతిలో చాట లేదు, నెత్తిన కొంగు కూడా జారింది.

"కొడుకా, గది నీ మరదలు. నీ బిడ్డ గిక్కడున్నది."

ఆయన ఒకసారి చేతిలో బిడ్డను చూశాడు, ఒకసారి ఉయ్యాలను చూశాడు. చేతిలో ఉన్నదాన్ని దింపలేదు. ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, "దాన్ని కూడ ఇయ్యండ్రి అత్తమ్మా," అని రెండో చెయ్యి చాపాడు.