ఆకుల పైన తల కనిపిస్తే

పెనుకొండ దగ్గరి ఆ మల్బరీ తోటలో కూలికి పోయే ఆడవాళ్లకు ఒకే ఒక నియమం ఉండేది. ఆకుల పైన తల కనిపించకూడదు. మల్బరీ ఏపుగా పెరిగితే మనిషి రొమ్ము దాకా వస్తుంది. వంగి కలుపు తీసేవాళ్లు అందులో మునిగిపోతారు. నిలబడితే తల బయటికి తేలుతుంది. తోట యజమాని పంపుసెట్టు గది నీడలో మంచం వేసుకుని, తేలిన తలనల్లా చూసి కేకలు పెట్టేవాడు. తల తేలితే సోమరితనం, మునిగితే పని. ఆయనకు తెలిసిన వ్యవసాయం అంతే.

ఒకసారి నేను సాళ్ల మధ్య చెంగు పరుచుకుని హాయిగా ఒక కునుకు తీశాను. సాయంత్రం ఆయన నన్ను పిలిచి, "ఈ పొద్దు నువ్వు బాగా చేసినావు. ఒక్కసారన్నా తల ఎత్తలేదు" అని మెచ్చుకున్నాడు. ఆ మాట చెప్పి ఊరంతా నవ్వించాను. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం పళ్లు పటపట కొరకాలనిపిస్తుంది.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. నేను నాలుగో తరగతిలోనే బడి మానేసిన దాన్ని. పలక పోయింది గానీ నోరు పోలేదు. సాలులో నా పక్కన ఎప్పుడూ మా అత్తే, అంటే నా మొగుడి తల్లి. మా ఇద్దరి చేతుల్లో తొలికలు. తొలిక అంటే జానెడు కట్టె పిడికి వంకర రేకు బిగించిన పనిముట్టు. దాన్ని చేసినవాడు నేలనైనా చూశాడో లేదో గానీ, దాన్ని పట్టుకునే మనిషికి నడుమొకటి ఉంటుందని మాత్రం చూడలేదు. పిడి జానెడే కాబట్టి మిగతా దూరమంతా మనమే వంగాలి. పొద్దున వంగితే అన్నం వేళకు లేవడం, మళ్లీ వంగితే పొద్దు గూకేదాకా.

ఒక సాయంత్రం అందరం లేచాం, అత్త లేవలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని సగంలో ఆగిపోయింది.

"ఏం అత్తా, ఇంకా కలుపు కనిపిస్తాందా?" అన్నాను.

"కలుపు కాదే, పాడుదానా, నా కాళ్లు కనిపిస్తాండాయి. ఇంగేం కనపడలా" అంది.

పట్టుకుని లేపాం. మరునాడు యజమాని నాతో ఒక్క మాటే అన్నాడు. "మీ అత్త వంగలేకపోతే పిల్చుకురావాకు." అత్తకు అది ఉరిశిక్షే. మామ పోయినప్పటి నుంచి తన అన్నం తాను సంపాదించుకుంటున్నానని చెప్పుకునే మనిషి. ఒకరి పొయ్యి దగ్గర కూర్చుని తినాలంటే ఆమెకు ముద్ద దిగదు. వంగకుండా కలుపు తీయగలిగితేనే ఆమెకు పని ఉంటుంది. అదొక్కటే నా తలలో తిరిగింది.

హిందూపురంలో లారీల కమాను పట్టీలు అతికే ఒక సాయిబు దగ్గరికి పోయాను. విరిగిన పట్టీ ముక్క ఒకటి తీసి, దానికి పొడుగు కట్టె కావాలన్నాను.

"ఏమమ్మా, యుద్ధానికి పోతాండావా?" అన్నాడు.

"అవును భాయ్, తుంగ మీదికి. అది మనకంటే ఎక్కువ మందే ఉండాది."

మొదట ఆయన ఇనుప పైపుకు రేకును పారలాగా అతికించి ఇచ్చాడు. తోటకు ముందు మా పెరట్లో ఆడించి చూశాను. నడుము బతికింది, భుజాలు చచ్చాయి. పైగా రేకు నేల మీద పరుచుకోవాలంటే మళ్లీ వంగాల్సిందే. వెనక్కి తీసుకెళ్లాను. పైపు తీసేసి వెదురు పెట్టమన్నాను. నిటారుగా నిలబడి పట్టుకున్నా రేకు నేలను తాకేటట్టు దాన్ని లోపలికి వంచమన్నాను. లాగినప్పుడు మట్టి మూటకట్టి వచ్చేది, కాబట్టి రేకు మధ్యలో ఖాళీ ఉండాలన్నాను. సాయిబు పట్టీని సన్నగా కోసి, గుర్రపు లాడంలాగా వంచి, కింది అంచు పదును పెట్టాడు. మట్టి ఖాళీలోంచి జారిపోతుంది, గడ్డి వేరు మాత్రం తెగుతుంది. కట్టెను అత్త మోచేతి ఎత్తుకు కోయించాను. అత్త పొట్టిది.

పెరట్లో అత్త దాన్ని రెండుసార్లు లాగి, నా ముఖం చూసింది. "ఇంతేనా?" అంది. ఆ 'ఇంతేనా'లో ఉన్న కోపం నాకు అర్థమైంది. ఇంత చిన్న సంగతికి ఇన్నేళ్లా, అని.

తోటకు తీసుకెళ్లాం. అత్త సాలు నాకంటే ముందుకు పోయింది. నిటారుగా, మెడ చాచుకుని, ఆకుల పైన తల పెట్టుకుని. అప్పుడు మంచం కిర్రుమంది.

"ఎవరే ఆడ నిలబడుకోనుండేది? గాలికి వచ్చినావా?"

"పని చేస్తాండానప్పా" అంది అత్త.

"నిలబడుకోని చేసేది పనా? వంగితేనే కదా కలుపు కనిపించేది!"

నేను ఊరుకుంటానా? "నువ్వు మంచంలో పండుకోని ఉంటేనే నీకు మా అత్త తల కనిపిస్తాందే, నిలబడితే కలుపు కనపడదా అప్పా?"

సాళ్లలోంచి నవ్వులు లేచాయి, మనుషులు మాత్రం లేవలేదు. ఆయన వచ్చి అత్త సాలు వెంబడి నడిచాడు. చెప్పుతో మట్టి తన్ని చూశాడు. ఒక్క గరిక పోచ కూడా దొరకలేదు. దొరకలేదని ఆయనకు తెలుసు, తెలిసిందని నాకూ తెలుసు. అయినా కట్టెను అత్త చేతిలోంచి లాక్కుని, "ఇది ఆడోళ్లు పట్టేది కాదు. తొలిక ఎత్తుకో, లేకపోతే ఇంటికి పో" అన్నాడు.

అత్త తొలిక ఎత్తుకోలేదు. ఇంటికీ పోలేదు. గట్టు మీద కూర్చుంది.

మధ్యాహ్నం ఆ పనిముట్టు మోటారు చూసుకునే మనిషి చేతికి వచ్చింది. మాకంటే ఎక్కువ కూలి తీసుకునేవాడు. తాటిచెట్టంత పొడుగు. అత్త మోచేతికి కోసిన కట్టె అతనికి నడుము దాకా కూడా రాదు. పాపం, వంగి వంగి లాగాడు. రెండు సాళ్లు కాకముందే నడుము మీద చెయ్యి వేసుకుని మంచం దగ్గరికి పోయాడు.

"నడుము పట్టేసిందప్పా. ఈ కట్టె పొట్టిగా ఉండాది."

"అయ్యో, నడుము పోగొట్టుకుంటావేమి? హిందూపురం పోయి పొడుగు కట్టె ఏయించుకోపో" అన్నాడు యజమాని.

విన్నాను. నా రెండు చెవులతో విన్నాను. మా నడుములు ఏళ్ల తరబడి ఆయన కళ్ల ముందే విరుగుతుంటే చూసిన మనిషి, మగవాడి నడుము ఒక్క పూట నొస్తే అయ్యో అన్నాడు. ఆ వారంలోనే పొడుగు కట్టె వచ్చింది. మోటారు మనిషి ఆకుల పైన తల, భుజాలు కూడా పెట్టుకుని కలుపు తీశాడు. యజమాని మంచం మీద నుంచే అతనితో కబుర్లు చెప్పాడు. ఆ తల ఆయన కంటికి సోమరిగా కనపడలేదు.

నేను లేచాను. పక్కవాళ్లు చీర పట్టుకుని లాగారు, "కూచోవే, పని పోతాది" అని. విదిలించుకుని పంపుసెట్టు గదిలోకి పోయి, మూలన పడేసి ఉన్న అత్త కట్టెను తీసుకున్నాను.

"ఏమే, దాన్ని యాడికి ఎత్తకపోతాండావు?"

"మా అత్తది. ఆమె మోచేతికి కోయించినాను. నీ మోచేతికి సరిపోతే చెప్పు, ఇచ్చేసి పోతా."

"ఇంగ ఈ తోటలో కాలు పెట్టవాకు."

"కాలు ఎందుకప్పా? నీకు కావాల్సింది మా నడుములు కదా!"

తర్వాత నేను వేరే తోటల్లో చేరాను. నిలబడి తీస్తాం, సమ్మతమేనా అని ముందే అడిగేదాన్ని. చాలామంది తల అడ్డంగా ఊపారు, కొందరు ఒప్పుకున్నారు. అత్తను మాత్రం ఎవరూ తీసుకోలేదు. ఆ కట్టె రావాల్సిన కాలానికి రాలేదు. ఆమె నడుము వంగిన చోటే బిగుసుకుపోయింది. కలుపు లేని రోడ్డు మీద కూడా కలుపు తీస్తున్నట్టే నడిచేది.

కొన్నేళ్ల తర్వాత ఆమె కూతురింటికి ధర్మవరం పోయాం. బస్టాండులో ఒక కండక్టరు ఆమెను చూసి, "ఏమవ్వా, కింద ఏం పడిపోయింది, ఎతుకుతాండావు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బాగా పేలిన మాటే. ఇంకో రోజైతే నేనే అనేదాన్ని.

ఆ రోజు మాత్రం వాడి వంశం నుంచి మొదలుపెట్టాను. మంచం మీద పడుకున్న ప్రతివాడినీ, జానెడు పిడి చేసిన ప్రతివాడినీ కలిపి తిట్టాను. అత్త నా చెయ్యి పట్టుకుని లాగింది.

"ఊరికే ఉండవే. ఆ పిల్లోడికేం తెలుసు?"

"తెలిసినోడు చేసిందేముంది అత్తా?" అన్నాను. బస్సు కదిలింది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నుంచి గబగబా లోపలికి దూరాడు. నేను ఆ బస్సు వెనకాల మలుపు దాకా తిడుతూనే నడిచాను.