రెండు వాగుల మధ్య

నేను పనిచేసే ఆశ్రమ పాఠశాలలో వంట చేసే ఆమెకు మనవరాలు పుట్టింది. భద్రాచలం దవాఖానా నుంచి కోడలిని ఇంటికి పంపుతున్నారు. చర్ల రోడ్డు మీద ఆటోలు తిరుగుతాయి గానీ, అక్కడి నుంచి వాళ్ల ఊరికి అడవిలో మట్టి దారి. వానలు మొదలయ్యాక ట్రాక్టరు తప్ప మరేదీ పోవడం లేదు. పచ్చి బాలింతను ట్రాక్టరు కుదుపుల్లో పంపడానికి నాకు మనసు రాలేదు. నా బండి చిన్నదే అయినా నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది. ఆదివారం కదా, నేనే దింపి వస్తానన్నాను.

అత్తాకోడళ్లను, పాపను వెనక సీట్లో ఎక్కించుకుని, చర్ల రోడ్డు నుంచి మట్టి దారిలోకి మలుపు తిరిగిన కాసేపటికే ఎందుకన్నానా అనిపించింది. ట్రాక్టరు చక్రాలు దారిని రెండు కాలువలుగా చీల్చేశాయి. ఎర్రనీళ్ల కింద ఎంత లోతుందో తెలియదు. మధ్యలో మిగిలిన గట్టు బండి అడుగును గీకినప్పుడల్లా నా పళ్లు జివ్వుమనేవి. ఒక చిన్న వాగు దాటాం. చక్రం సగమే తడిసింది. వాన లేదు కానీ, గుట్టల మీద ఆకాశం నల్లగా ఉంది. అన్నిటికన్నా ఆ పసిగుడ్డు చప్పుడు చేయకపోవడం నన్ను ఎక్కువ భయపెట్టింది. అద్దంలో వెనక్కి చూస్తూ, "పాలు తాగిందా?" అని అడుగుతూనే ఉన్నాను.

"పండుకుంది మేడం. నువ్వు ముంగట చూడు," అంది కోడలు.

పెద్ద వాగు దగ్గర బండి ఆపేశాను. నీళ్లు బురద రంగులో, విరిగిన కొమ్మల్ని ఈడ్చుకుంటూ పోతున్నాయి. వంటామె దిగి నీటి అంచున ఒక రాయి పెట్టింది. కాసేపటికి ఆ రాయి కనిపించలేదు. బండి వెనక్కి తిప్పాను. ఇందాక సులువుగా దాటిన చిన్న వాగు ఇప్పుడు గట్టు తెంపుకుని పారుతోంది. పైన గుట్టల్లో ఎక్కడో కురిసిన వాన అది.

ముందుకీ దారి లేదు, వెనక్కీ లేదు. ఫోనుకు సిగ్నల్ లేదు. మళ్లీ పెద్ద వాగు దగ్గరికే వచ్చి, మెరక చూసి ఒక చెట్టు పక్కన బండి నిలిపాను. "రేపు పోదామంటే ఇన్నవా?" అని వంటామె కోడలి మీద విసుక్కుంది. ఆ తర్వాత ఇద్దరూ వాళ్ల భాషలో మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. నన్నే తిట్టుకుంటున్నారేమో అనుకున్నాను.

"ఏమంటుంది మీ అత్త?"

కోడలు కొంచెం మొహమాటపడింది. "మేడంకు ఈత వస్తదా అని అడుగుతుంది."

"రాదు," అన్నాను.

ఆకులు చప్పుడైతే వాన మొదలైందనుకుని ఉలిక్కిపడ్డాను. గాలి. పాపకు జ్వరం వస్తే, పాలు తాగకపోతే, నీళ్లు ఈ మెరక మీదికీ ఎక్కితే... ఒక భయం తగ్గేలోపు ఇంకొకటి పుట్టేది. అంతలో పాప ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను స్టీరింగ్ మీద తల వాల్చేశాను. చప్పరిస్తూ పాలు తాగుతున్న చప్పుడు ముందు సీటు దాకా వినిపించింది.

పొద్దు వాలుతుండగా నీళ్లు తగ్గి, వంటామె పెట్టిన రాయి మళ్లీ బయటపడింది. ఆమె చీర ఎగ్గట్టి వాగులోకి దిగింది. అవతల గట్టుకు చేరి, తిరిగి వచ్చింది. నీళ్లు మోకాలు దాటలేదు.

"నా మనవరాలిని నేను ఎత్తుకొని నడుస్త. కోడలిని నువ్వు బండిల తీస్కరా. పచ్చి బాలింత నీళ్లల్ల దిగొద్దు," అంది.

కోడలు ఒప్పుకోలేదు. పాపను చున్నీతో రొమ్ముకు కట్టుకుంది. "నాకు ఈత వస్తది. అద్దాలు దించు మేడం. డోర్ లాక్ తియ్యి. ఇగ పోనియ్."

వంటామె వాగులో ముందు నడిచింది. ఆమె అడుగుల వెనకే నేను బండి దించాను. నీళ్లలో ఉన్నప్పుడు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయొద్దని మా ఆయన ఎప్పుడో చెప్పాడు. కానీ నడి వాగులో వంటామె కాలు జారి కూలబడింది. నా కాలు దానంతటదే లేచింది. ఇంజను గుటకలు మింగినట్టు కొట్టుకుంది. ఆమె చేతులూపుతూ పక్కకు పాకుతోంది. "ఆగకు, పోనియ్!" అని వెనక నుంచి కోడలు అరిచింది. తొక్కాను. వెనక చక్రం గుంటలో పడి ఊరికే తిరిగింది. బండి ప్రవాహం వైపు ఒరిగింది. ఇక అయిపోయిందనుకున్నాను. అంతలో ముందు చక్రాలకు రాయేదో దొరికినట్టుంది, గుంజుకుంటూ గట్టెక్కింది.

గట్టెక్కాక కూడా స్టీరింగ్ వదలలేకపోయాను. నిలువునా తడిసిన వంటామె వచ్చి, కిటికీలోంచి నా వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది.

ఆ రాత్రి వాళ్లింట్లోనే ఉన్నాను. పాపను ఎత్తుకోమని కోడలు ఎంత అడిగినా, చేతుల్లో బలం లేదన్నాను. చివరికి నన్ను గోడకు ఆనుకుని కూర్చోమని, తనే తెచ్చి నా ఒళ్లో పడుకోబెట్టింది. పాప నోరంతా తెరిచి ఆవలించింది.