ఎండ రాసిచ్చిన సిస్టరు

పోయిన బుధవారం పొద్దున రొట్టెల పిండి కలుపుతుంటే ఫోన్‌కి వాయిస్ మెసేజ్ వచ్చింది. తెలియని నంబరు. పిండి చేత్తోనే నొక్కి విన్నాను. "నేను సిస్టరు చెల్లెల్నమ్మా. అక్క నిన్న పోయింది. పొద్దున్నే టీ తాగి, కప్పు కింద పెట్టి, కుర్చీలో అలా వెనక్కి వాలింది, అంతే. సౌదీలో, అభా ఊళ్లో ఒక అమ్మాయుంది, నాకేమన్నా అయితే దానికి మాత్రం చెప్పండి అనేది ఎప్పుడూ. అందుకని చెప్తున్నాను."

నాకు నలభై నాలుగేళ్లు. నన్ను అమ్మాయ్ అని పిలిచే మనిషి ఇంక లేదు.

ఆమె గోదావరి జిల్లా మనిషి. మా వీధి చివర ఉండే చిన్న క్లినిక్కులో నర్సుగా ఎన్నో ఏళ్లు చేసింది. తెలుగువాళ్లే కాదు, పాకిస్తానీ డ్రైవర్లూ, బంగ్లాదేశ్ వాళ్లూ అందరూ సిస్టరనే పిలిచేవాళ్లు. పొట్టి మనిషి. పెన్ను జేబులో పెట్టుకోకుండా ముడిలో గుచ్చుకునేది, తర్వాత దానికోసమే క్లినిక్కంతా వెతికేది. కోపం ఎక్కువ. డాక్టరు మీద కోపమొస్తే ఆయనకి రాని తెలుగులో నవ్వుతూ తిట్టేది. ఆయన కూడా నవ్వుతూ తలూపేవాడు.

నేను రాయచోటి పక్క పల్లెదాన్ని. మా ఆయన పోయినాక ఇక్కడికొచ్చి ఈ ఇంట్లో పనికి కుదిరాను. ఊళ్లో ఉన్నప్పుడు శెనక్కాయ చేలల్లో కలుపు తీసి తీసి వీపు కాలిపోయేది. సౌదీలో ఇంట్లో పని అని తెలిసినప్పుడు మా అమ్మ సంబరపడింది. "పోనీలే, నీడపట్టున ఉంటావు" అనింది. అవును, నీడపట్టే. ఎత్తు గోడలు, మందం పరదాలు, చల్లటి చలవరాతి నేల. బయటికి పోవాలంటే ఒళ్లంతా కప్పే అబాయా వేసుకుని గేటు దగ్గర కారెక్కడం, దుకాణం దగ్గర దిగడం. ఎండ తగలడం లేదని నాకు తోచనేలేదు. ఎండ అనేది తప్పించుకునేదే గానీ వెతుక్కునేది కాదు కదా మాకు.

నాలుగేళ్లకు తొడలు బరువెక్కాయి. నేల తుడిచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. మెట్లెక్కితే తుంటి దగ్గర ఎవరో మేకు దిగ్గొట్టినట్టుండేది. బాతు నడక నడుస్తున్నానని ఇంట్లో పిల్లలు నవ్వేవాళ్లు. మా మామా (ఇక్కడ ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తాం) చెడ్డ మనిషి కాదు. అయినా ఆమెకీ విసుగొచ్చింది. "కస్లానా" అనేది, బద్ధకం పట్టిందని. క్లినిక్కుకి తీసుకుపోతే నొప్పి మాత్రలిచ్చి పంపారు. ఆ మాత్రలు నా చేతిలో పెట్టింది ఈ సిస్టరే. ఆ రోజు నా మొహం కూడా సరిగ్గా చూడలేదు.

నెల తర్వాత చుట్టాలొచ్చిన రోజు కాఫీ పళ్లెంతో మెట్ల మీద కూలబడ్డాను. కప్పులు పగిలాయి. బాబా, అంటే ఇంటి పెద్దాయన, మెల్లగానే మాట్లాడాడు గానీ నాకు అర్థమైంది. ఖురూజ్ అన్నాడు. అంటే కాగితాల మీద ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేయడం. ఇంటికి పోతే చేలో వంగలేను. ఇక్కడుంటే మెట్లెక్కలేను. నా కూతురు అప్పటికి ఎనిమిదో తరగతి. ఆ పూటంతా బట్టలు మడతపెడుతూ ఏడ్చాను.

పంపేముందు ఇంకోసారి చూపిద్దామని మామా మళ్లీ క్లినిక్కుకి తీసుకుపోయింది. వరండాలో నేను నడుస్తుంటే సిస్టరు చూసింది. చేతిలో ఫైలు పక్కన పడేసి దగ్గరికొచ్చింది.

"ఏ ఊరమ్మాయ్ మీది?"

"రాయచోటి పక్క సిస్టరూ."

"కుర్చీలోంచి చేతులు పెట్టకుండా లే, చూస్తాను."

"లేయలేను సిస్టరూ. యాడన్నా పట్టుకోనే లేస్తాండా."

ఆమె నా ముందు కూర్చుని మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కింది. ప్రాణం పోయినట్టు అరిచాను. ఆమె మొహం మారిపోయింది.

"ఒంటి మీద ఎండ పడి ఎన్నాళ్లయింది?"

ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. "వంటింటి కిటికీలో ఎండ పడతాది. ఆడ కూచ్చుంటా అప్పుడప్పుడూ" అన్నాను.

"అద్దం వెనకాల ఎండా? అది వెచ్చగా ఉంటుంది గానీ ఎముకలకి అందదమ్మాయ్."

ఆమే డాక్టరుతో పట్టుబట్టి రక్తం తీయించింది. తర్వాత మామా వైపు తిరిగి, తనకొచ్చిన అరబ్బీలో అడిగింది. "మీకు మోకాళ్ల నొప్పులుంటాయా? నడుం?" మామా ఆశ్చర్యపోయింది. ఉంటాయంది, వయసు కదా అంది. అప్పటికి ఆమెకి నలభై కూడా లేవు. "అయితే మీరూ ఇవ్వండి రక్తం" అని సిస్టరు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేసింది. మా ఇంట్లో కూడా మామాని అలా చెయ్యి పట్టి కూర్చోబెట్టే మనిషిని నేను చూళ్లేదు.

రెండ్రోజులకి కాగితాలొచ్చాయి. ఇద్దరికీ విటమిన్ డి అడుగంటింది. నాకు చాలా తక్కువ. మామాకి నాకంటే కూడా తక్కువ. సిస్టరు రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి వేలితో చూపించింది. మామా చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసి, "నువ్వు బద్ధకస్తురాలివి కాదు" అంది. ఆ ఒక్క మాటకి నా కళ్లు ఆగలేదు.

డాక్టరు వారానికొక మందుబిళ్ల రాశాడు, కాల్షియం రాశాడు. సిస్టరు ముడిలోంచి పెన్ను తీసి నా మందు పెట్టె మీద తెలుగులో పెద్దగా రాసింది: 'రోజూ పది గంటలకి ఎండ. పావుగంట. చేతులకి, కాళ్లకి తగలాలి.' మామాకి అదే అరబ్బీలో చెప్పింది. నేను మందులు చాలవా అంటే, "మందు పని మందుదే, ఎండ పని ఎండదే. ఒకరి పని ఒకరు చెయ్యరు, నీకు తెలీదా" అంది.

డాబా పైన చుట్టూ నిలువెత్తు గోడ. నీళ్ల ట్యాంకులు తప్ప ఎవరూ ఉండని చోటు. మామా అక్కడ పాత తివాచీ ఒకటి పరిపించింది. మొదటి రోజు ఇద్దరం చెరో మూల కూర్చున్నాం. ఎండ చేతుల మీద పడుతుంటే చేను గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నావంది. వచ్చిన అరబ్బీలో చెప్పాను, మా ఊళ్లో దీన్నుంచి పారిపోతామని. ఆమె కూడా నవ్వింది. ఖురూజ్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ వారం నుంచి ప్రతి శుక్రవారం సిస్టరు కూడా వచ్చేది, మామా పిలవగా. వచ్చి మా కాళ్లు నొక్కి చూసేది, టీ తాగేది, ఆపైన ఇంకో టీ తాగేది. నైట్ డ్యూటీలు చేసి చేసి తన రక్తంలో కూడా విటమిన్ డి లేదట. "ఊరందరికీ చెప్పే నేనే చీకట్లో బతికాను, ఎవరికీ చెప్పకండి" అనేది.

ఒకసారి మామా కిందికి వెళ్లినప్పుడు నాతో అంది. "నువ్వు మొదటిసారి వచ్చినప్పుడే అడగాల్సిందమ్మాయ్. అడగలేదు."

"పోనీలే సిస్టరూ."

"పోనీ కాదు. నీకు ముందు మన తెలుగుపిల్లే ఇంకొకత్తి ఇలాగే వచ్చింది. పని ఎగ్గొట్టడానికి నాటకమాడుతుందనుకున్నాను. నేనే అన్నాను ఆ మాట, వాళ్ల మేడంతో. ఇంటికి పంపేశారు. ఆర్నెల్లకి కాలు జారి తుంటి విరిగిందని తెలిసింది." టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "నొప్పి అన్న మనిషిని ముందు నమ్మాలి. తప్పయితే తర్వాత సర్దుకోవచ్చు."

ఆ పిల్ల ఎక్కడుందో కనుక్కుని ప్రతి సెలవుకీ వెళ్లి చూసొచ్చేదని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ విషయం ఆమె నోట మాత్రం రాలేదు.

నాలుగైదు నెలలు గడిచాయి. ఒకరోజు నేల మీద కూర్చుని ఆకుకూర తరుగుతుంటే గేటు గంట మోగింది. లేచి వెళ్లి తలుపు తీసి వచ్చాను. మామా వంటింటి గుమ్మంలో నిలబడి నోటి మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. ఏమైంది మామా అన్నాను. "చేతులు పెట్టకుండా లేచావు" అంది. నాకే తెలీలేదు. వెంటనే సిస్టరుకి ఫోన్ చేసి ఇద్దరం ఒకేసారి అరిచాం. అటువైపు ఆమె, "సరే, సరే, నాకు పేషెంట్లున్నారు" అని పెట్టేసింది.

తర్వాత మా వీధిలో పనిచేసే ఆడవాళ్లు ఆమెని చూడగానే తప్పుకునేవాళ్లు, ఎండ గురించి అడుగుతుందని. ఆమె వదిలేది కాదు. వాళ్ల మేడమ్‌లతో మాట్లాడేది. కొందరు విన్నారు, కొందరు మొహం మీదే తలుపేశారు. తలుపేసిన ఇంటికి మళ్లీ వెళ్లేది. "నా మొహం మీదేగా వేసింది, ఆ పిల్ల కాళ్ల మీద కాదుగా" అనేది.

బుధవారం ఆ మెసేజ్ విన్నాక మామాకి చెప్పాను. పొయ్యి ఆర్పేసి నా పక్కన నేల మీద కూర్చుంది. తెలుగు రాకపోయినా ఆ గొంతు మళ్లీ వినిపించమంది. చెల్లెలి గొంతులో సిస్టరు గొంతు పోలిక ఉంది. రెండుసార్లు విన్నాం.

రెండేళ్ల కింద సిస్టరు ఉద్యోగం మానేసి ఊరికి వెళ్లిపోయిన రోజు నాకు కళ్ల ముందే ఉంది. వెళ్తూ వెళ్తూ మా గేటు దగ్గర టాక్సీ ఆపించింది. మామా తేనె సీసా ఇస్తే, సామాను బరువు ఎక్కువైపోయిందని గొణుగుతూనే ఒళ్లో పెట్టుకుంది. నా తల మీద చెయ్యి వేసి కారెక్కింది. అభా కొండల మీది ఊరు, మా ఇంటి ముందు నుంచి రోడ్డు కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ దిగుతుంది. కారు మొదటి మలుపులో మాయమై కింద మళ్లీ కనిపించింది. రెండో మలుపు తర్వాత కూడా కనిపించింది, చిన్నదిగా. మూడో మలుపు దగ్గరికి వచ్చేసరికి లోయలోంచి పొగమంచు లేచింది. కారు బయటికొచ్చిందో లేదో తెలీలేదు. నేను గేటు పట్టుకుని, మంచు విడిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. విడిపోయేసరికి రోడ్డు ఖాళీగా, తడిగా మెరుస్తోంది.