ఆకుపచ్చ మంట

2023 ఎండాకాలం. భిలాయిలో ఏసీలు బాగుచేసేవాళ్లకు మే నెలలో అన్నం తినే తీరిక కూడా ఉండదు. ఖుర్సీపార్‌లో నా పరిస్థితీ అంతే. ఓ మధ్యాహ్నం చరోదా నుంచి కామేశ్వరత్త ఫోన్ చేసింది. తుంటి ఎముక విరిగి మంచం మీదుంది పాపం.

"సుజాతా, ఏసీ చల్లగా రాట్లేదే. మీ మావయ్య తనే చూస్తానని కూకున్నారు. బేగి రా."

సింహాచలం మావయ్య ఉక్కు ప్లాంటులో ఫ్రిజ్ మెకానిక్‌గా రిటైరయ్యాడు. నాకీ పని నేర్పింది ఆయనే. ఆయన దగ్గర హాలైడ్ టార్చ్ అనే చిన్న దీపముంది. దాని గొట్టాన్ని పైపుల వెంట తిప్పితే, గ్యాసు కారేచోట మంట ఆకుపచ్చగా మారుతుంది. ఆ రంగు తెచ్చేది పాత గ్యాసుల్లోని క్లోరిన్. ధ్రువాల మీద ఓజోన్ పొరను తినేసిందీ అదే. అందుకే ఆ గ్యాసులను ఒక్కొక్కటిగా మాన్పించి, కొత్తవి తెచ్చారు.

వాళ్ల వరండాలో ఏసీ బయటి పెట్టె మీద లేబుల్ చూశాను. ఆర్-290. అంటే ప్రొపేన్. క్లోరిన్ లేదు కాబట్టి ఓజోన్‌కు హాని చెయ్యదు గాని వంటగ్యాసులా భగ్గుమంటుంది. వంటగ్యాసుకు కలిపే వాసన దీనికి ఉండదు. గాలికంటే బరువు కాబట్టి నేలమీదే పేరుకుంటుంది.

తలుపు తోశాను. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. లోపలి యూనిట్ పైపు దగ్గర సన్నగా సుయ్‌మంటోంది. ప్లాంటు మోతకు మావయ్య చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. ఒక చేత్తో టార్చ్, ఇంకో చేత్తో అగ్గిపెట్టె పట్టుకుని అత్త మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"మావయ్యా, మాచిస్ కింద పెట్టీ!"

"ఏటే ఆ అరుపులు? ఈ మంట చూపించే కదా నీకు పని నేర్పాను!"

"ఇది ఆ గ్యాసు కాదు. అంటుకుంటే ఇల్లు లేచిపోద్ది!"

"వాసనేదీ? గ్యాసుంటే నాకు తెలీదేటి?" అంటూ పుల్ల బయటికి తీశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. గురువు లేదు, గుగ్గిలం లేదు, అగ్గిపెట్టె లాగేసుకున్నాను. ఇంతలో అత్త, "ఉండవే, గాలాడ్డానికి ఫ్యాన్ ఏస్తాను" అని మంచం పక్కనున్న స్విచ్చు మీదికి చెయ్యి చాచింది.

"ముట్టుకోకత్తా!"

స్విచ్చులో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. కిటికీలు తెరిచి, ఇద్దరం మంచంతో సహా అత్తను వరండాలోకి మోసుకొచ్చాం. బయట మీటరు దగ్గర కరెంటు ఆపేశాను.

మావయ్య అత్త మంచంకోడు పట్టుకుని నిలబడ్డాడు.

"మంట రంగు మారకపోతే గ్యాసు లేనట్టే అనుకున్నానే" అన్నాడు. "మేం ఆ రోజుల్లో ఎంత గ్యాసు ఊరికే గాల్లోకి వదిలీసేవాళ్లమో. ఆ ఓజోన్ చిల్లు పూడుతోందేటి?"

"మెల్లగా పూడుతోందంట. ఇంకా చాలా ఏళ్లు పడతాదంట."

"ఆకాశమైనా బాగుపడతాది గాని ఈయన మొండితనం బాగుపడదు" అంది అత్త, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

గ్యాసు మారితే గురువుకైనా శిష్యురాలికైనా అది మళ్లీ మొదటి రోజేనని ఆనాడు తెలిసింది. గ్యాసంతా బయటికి పోయాక కారే పైపు బాగుచేసి, వెళ్లబోతూ అగ్గిపెట్టె ఇవ్వబోయాను. మావయ్య తీసుకోలేదు. కళ్లజోడు పెట్టుకుని లేచాడు.

"ముందు ఆ లేబుల్ ఎక్కడుంటాదో చూపించమ్మా. ఎలా చదవాలో నేర్పు" అన్నాడు.