ఎర్ర కండె

సంభావ్యత పాఠానికి నేను బడికి నాణేలు తీసుకెళ్లను. బొమ్మా బొరుసా అనగానే మా పిల్లలకు క్రికెట్ టాస్ గుర్తొచ్చి క్లాసంతా గోల. ఒక ఏడు చింతగింజలు వాడి చూశాను. రుద్ది తెల్లగా చేసిన గింజను సంచిలో చూడకుండానే వేళ్లతో తడిమి పట్టేశారు, గడుగ్గాయిలు. అందుకే చివరికి కండెలు. మాది నేత ఇల్లు. మగ్గం మీద నాడెలో పెట్టే, నూలు చుట్టిన చిన్న పుల్లలవి. రంగేదైనా చేతికి ఒకేలా తగులుతాయి. గుడ్డసంచిలో మూడు తెల్లవి, ఒక ఎర్రది వేసుకుని, నార్కట్‌పల్లిలో బస్సు మారి బడికి వెళ్లేదాన్ని.

ఆ ఏడు మాత్రం ఆ పాఠం దగ్గరపడుతుంటే భయం పట్టుకుంది. నాకప్పుడు మూడో నెల. మా పెద్దపాపకు పుట్టుకతోనే రక్తం జబ్బు. నెలనెలా రక్తం ఎక్కిస్తేనే దాని ముఖంలో కళ ఉంటుంది. మాది మేనరికం, నేను చేసుకున్నది మేనత్త కొడుకునే. మా ఇద్దరిలోనూ పైకి కనపడకుండా ఆ లోపం ఉందని, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ఆ జబ్బు రావచ్చని హైదరాబాదులో డాక్టరమ్మ చెప్పింది. ఎన్నేళ్లుగానో నేను బోర్డు మీద రాస్తున్న భిన్నమే. ఆమె నోట మాత్రం అది శిక్షలా వినపడింది.

అత్తమ్మకు అదే మాట ధైర్యంగా వినపడింది.

"నాలుగిట్ల ఒకటే గద బిడ్డా. గా ఒకటి పెద్దపోరితోని అయిపాయె. ఇగ మూడు మంచిగనే పుడ్తయి. ఫికర్ జెయ్యకు. కడుపుల బిడ్డకు గా సూది పరీక్ష ఎందుకు?"

నాకు ఒళ్లు మండింది. సంచి తెచ్చి ఆమె ముందు కూర్చున్నాను. ఎర్ర కండె తీసి చూపించి, "ఇది మన పెద్దపాప అనుకో" అన్నాను. దాన్ని మళ్లీ సంచిలో వేసి కలిపాను. "ఇప్పుడు కడుపుల ఉన్న బిడ్డకు గూడ సంచి గిట్లనే ఉంటది అత్తమ్మా. ఏది తగ్గదు."

ఆమె సంచి మూతి పట్టుకుంది. "బయటికొచ్చినదాన్ని మల్ల లోపట ఎందుకేసినవే?" అంది.

"నేను ఏసుడు కాదు. అది లోపట్నే ఉంటది."

ఆమె లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. పరీక్షకు మాత్రం నాతో హైదరాబాదు వచ్చింది. రిపోర్టుకు టైం పడుతుంది, ఫోన్ చేస్తామన్నారు. ఆ రోజులు ఎలా గడిపానో నాకే తెలియదు. ఫోన్ మోగితే చాలు, చేతిలో ఉన్నది జారిపోయేది. పెద్దపాపను దగ్గరికి తీసుకుని దాని పాలిపోయిన గోళ్లు చూసేదాన్ని. ఇంకో జత గోళ్లు ఇలాగే ఉంటాయా అనిపించగానే తల తిప్పుకునేదాన్ని. కన్నకూతురి గోళ్లంటే భయపడ్డాను.

ఆ భయంలోనే పాఠం రోజు వచ్చింది. పిల్లలు వరసగా వచ్చి కండె తీసి, రంగు చెప్పి, మళ్లీ సంచిలో వేస్తున్నారు. తెల్లది. తెల్లది. మళ్లీ తెల్లదే.

"ఇన్నిసార్లు తెల్లదొచ్చింది టీచర్, ఇగ ఇప్పుడు పక్కా ఎర్రదే!"

"సంచికి గుర్తుండదురా" అన్నాను. మళ్లీ తెల్లదే వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎర్రది నా కోసమే దాక్కుని ఉందనిపించింది. లెక్కల టీచర్‌ని, అలా అనుకోకూడదని తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా?

"అసలు ఎర్రది ఉందా టీచర్?" అంది వెనక బెంచీ పిల్ల.

సంచి బల్ల మీద బోర్లించాను. మూడూ తెల్లవే.

ఇంటికి వెళ్లేసరికి అత్తమ్మ కూర వండుతోంది. నా చేతిలో సంచి చూసి కొంగు గట్టిగా పట్టుకుంది. కొంగు చివర ముడి లావుగా ఉంది.

"నువ్వే చెప్తివి గద, లోపట్నే ఉంటదని" అంది. "అందుకే తీసిన. ఫోనొచ్చేదాంక ఇయ్య."

అది అట్లా కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె రెండు చేతులతో ముడిని పట్టుకునే ఉంది. నేనే గరిటె అందుకుని కూర కలిపాను. మర్నాడు బడిలో ఆ పాఠం పక్కనపెట్టి త్రిభుజాలు మొదలుపెట్టాను.

తర్వాతి వారం ఫోనొచ్చింది. కడుపులో బిడ్డకు ఆ జబ్బు లేదన్నారు. నేను గోడకు ఆనుకుని కింద కూలబడి ఏడ్చాను. అత్తమ్మ నా పక్కన కూర్చుని ముడి విప్పి, నలిగిన ఎర్ర కండె నా అరచేతిలో పెట్టింది.

"ఇగ ఏసుకో నీ సంచిల."

దాన్ని సంచిలో వెయ్యడానికి నాకు చేతులు రాలేదు.